పంతులు గెలిచిన ఏడు

ఆ మొద్దు కొంచెం లోపలికి తొయ్యి రా, పొగంతా నా కళ్లలోకే వస్తాంది. ఇప్పుడేమో ఢిల్లీ నుంచి ఫోన్ వస్తేగానీ ముఖ్యమంత్రి కుర్చీ ఎవరిదో తేలదు. 1946లో గాంధీగారు చెప్పినా విన్లేదు మనోళ్లు! మా నాయన ఈ కథ ఎన్నిమార్లు చెప్పాడో.

అప్పుడు మన పెద్దదోర్నాల కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా. పైన మద్రాసు సర్కారు. ఓటు అందరికీ ఎక్కడిది? పన్ను కట్టినోళ్లకీ, చదువొచ్చినోళ్లకీ. అడివిలో వెదురు కొట్టుకొచ్చే మా నాయనకు ఎవడిస్తాడు?

ఎలక్షన్లో కాంగ్రెస్ గెలిచింది. ప్రధాని ఎవరు? ముఖ్యమంత్రిని అప్పుడట్టనే అనేవాళ్లు. గాంధీగారి మనసు రాజాజీ మీద. ఆయన తెలివికి వంక పెట్టేదేముంది? కానీ 1942లో క్విట్ ఇండియా అని అందరూ జైలుకు పోతే ఆయన ఆ పోరాటమే వద్దని పార్టీలోంచి బయటికి పోయినాడు. జైల్లో మగ్గినోళ్లు మర్చిపోతారా? ఎమ్మెల్యేలు కూచోని రాజాజీ వద్దనేశారు. అప్పుడు పోటీ టంగుటూరి ప్రకాశం పంతులుకీ, ముత్తురంగ మొదలియారుకీ పడింది. కామరాజు మొదలియారు పక్క. లెక్కబెడితే పంతులుకు 82, మొదలియారుకు 69. ఏప్రిల్ 30న పంతులు గద్దెనెక్కినాడు.

సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి ఎదురు రొమ్ము చూపిన మనిషి, గాంధీగారి ఇష్టానికి మాత్రం తగ్గుతాడా? ఆ మొండితనమే ముంచింది కూడా. కొత్త బట్టల మిల్లులొద్దు, ఖద్దరే గతి అన్నాడు. నన్నడిగితే ఆ సంగతిలో పంతులుదే తప్పు, జనానికి కట్టుకునే గుడ్డ చాలని రోజులవి. పదకొండు నెలలకు సొంత పార్టీవోళ్లే దించి, ఓమందూరు రామస్వామి రెడ్డియారును కూర్చోబెట్టారు.

అయినా పంతులు లేచాడు లే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వస్తే కర్నూల్లో మొదటి ముఖ్యమంత్రి ఆయనే. ఆఫీసులన్నీ గుడారాల్లో. మనూరోళ్లు ఆత్మకూరు మీదుగా అడివి దారిన పోయి, రాజధాని అంటే ఇదేనా అని నవ్వుకుంటా వచ్చినారు. 1954 నవంబరులో ఆ సర్కారు మద్యనిషేధం గొడవలో పడింది. ఎంత తేడా అనుకుంటున్నావ్? ఒక్క ఓటు!

1970లో మనల్ని కర్నూలు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. రెండేళ్లకు దానికి పంతులు పేరే పెట్టారు. కలెక్టరాఫీసుకు పోను నల్లమల దాటే బాధ తప్పింది గానీ, బస్సు ఛార్జీ ఏం తగ్గలేదు.