అభీతిస్తవము – శ్రీరంగనాథుని ప్రవాసకాలం

ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని భగవద్గీత సప్తమాధ్యాయంలో భక్తులు నాలుగు తెరగులుగా చెప్పబడ్డారు. వీరిలో ఆర్తుని స్తుతి కేవలం కార్యసాధనమనీ, కష్టం తీరగానే అదీ తీరిపోతుందనీ లోకంలో ఒక చులకన భావం ఉన్నది. క్రీ.శ. 14వ శతాబ్దంలో శ్రీరంగ దివ్యక్షేత్రానికి కలిగిన విపత్తునూ, ఆ కాలంలో వెలువడిన ఒక స్తోత్రాన్నీ పరిశీలించినవారు ఆ మాట అనజాలరు.

1323లో ఉలుగ్ ఖాన్ నాయకత్వాన ఢిల్లీ సైన్యం ఓరుగల్లును జయించింది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. మన ఆంధ్రదేశాన్ని అంధకారంలో ముంచిన ఆ దండయాత్రే దక్షిణానికి సాగి శ్రీరంగాన్నీ కొల్లగొట్టింది. అప్పుడు మూలమూర్తి ఎదుట గోడ కట్టి సన్నిధిని మరుగుపరచారనీ, వయోవృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు ఉత్సవమూర్తిని వెంటబెట్టుకొని అరణ్యమార్గాన బయలుదేరారనీ సంప్రదాయ గ్రంథాలు చెబుతున్నవి. ఆ ఆచార్యులు మధుర సమీపంలోని జ్యోతిష్కుడిలో పరమపదించారు. స్వామి మాత్రం ఊరూరా తిరుగుతూ, తిరునారాయణపురం మీదుగా చివరకు తిరుమలకు చేరుకున్నాడు. తిరుమల ఆలయంలోని రంగనాయకుల మండపం నేటికీ ఆ ఆతిథ్యాన్ని స్మరింపజేస్తున్నది. సప్తప్రాకారాల మధ్య వెలసిన దేవుడు చెట్టు నీడన నిలిచిన రోజులవి. అయినా ఆరాధన ఆగలేదు.

శ్రీరంగంలోనే ఉన్న వేదాంతదేశికులకు మరొక భారం లభించింది. శ్రీభాష్యానికి శ్రుతప్రకాశిక అనే వ్యాఖ్యానం రచించిన సుదర్శనసూరి ఆ గ్రంథాన్నీ, తన కుమారులనూ దేశికులకు అప్పగించి, తాను ఆ సంక్షోభంలో అసువులు బాశారు. దేశికులు శవాల నడుమ రాత్రి గడిపి, ఆ తాళపత్రాలను కాపాడి, కర్ణాటదేశంలోని సత్యాగాలానికి చేరుకున్నారని గురుపరంపరా కథనం. సత్యాగాలం కావేరీతీరం. అక్కడ స్నానమాచరించిన ప్రతి ఉదయమూ ఆ నీరే దిగువకు సాగి శ్రీరంగాన్ని చుట్టి ప్రవహిస్తుందన్న సంగతి వారి మనస్సును ఎంత కలచివేసి ఉండునో ఊహించవచ్చును.

అభీతిస్తవం అక్కడ అవతరించింది. 29 శ్లోకాల చిన్న స్తోత్రం. భయమే కారణంగా పుట్టిన కృతికి ఆయన పెట్టిన పేరు మాత్రం భయరాహిత్యం! భగవానుని ఆశ్రయించినవారికి అభయమనీ, ఆయన ఉపేక్షకు గురియైనవారికే భయమనీ మొదటి శ్లోకంలోనే తీర్మానించి, ఆ పిమ్మట గుణకీర్తనం సాగించారు. విన్నపం ఉన్నది, సందేహం లేదు. శ్రీరంగాదిక్షేత్రాలకు కలిగిన భీతిని స్వామి తన స్వశక్తితో తానే శమింపజేయాలని ప్రార్థన. అయితే ఈ స్తోత్రంలో హృదయం నిలిచిపోయే స్థలం చివరికి దగ్గరలో ఉన్నది. రామానుజుల వాక్కుల రసాస్వాదనతో తన వయస్సంతా గడచిందని దేశికులు అక్కడ మొదట చెప్పుకొన్నారు. తల నెరసినదన్నారు. ఇక కోరదగినది ఒక్కటే: శత్రుభీతి లేని శ్రీరంగం వంటి ఏదో ఒక చోట, పరస్పరం మేలు కోరుకొనే సజ్జనుల పరిసరాలలో తనను ఉంచమని.

ఈ క్రమం గమనించదగినది. పోయినవాటి పట్టిక లేదు. ఇల్లు పోయినది, ఆలయం పోయినది, సహచరులు పోయారు. అయినా యాచనకు ముందు పొందినదానిని ప్రకటించారు. అది కృతజ్ఞత కాక మరేమిటి? కోరికలో సైతం రాజ్యనాశనమో, ప్రతీకారమో ప్రధానం కాలేదు, సత్సాంగత్యం ప్రధానమైనది. శరణాగతిశాస్త్రాన్ని బోధించిన ఆచార్యులు దానిని ఆచరించి చూపిన సందర్భమిది. ఈ ఒక్క శ్లోకం కోసమైనా అభీతిస్తవాన్ని నిత్యపారాయణంలో చేర్చుకొనవచ్చును.

ఆ ప్రార్థన ఫలించడానికి దశాబ్దాలు పట్టింది. విజయనగర రాజకుమారుడైన కంపరాయలు మధురను జయించిన పిమ్మట, సెంజిలో అధికారియైన గోపణార్యుడు స్వామిని తిరుమల నుండి తెచ్చి, శ. 1293లో, అనగా 1371లో, శ్రీరంగంలో పునఃప్రతిష్ఠింపజేశాడు. ఆయనను కీర్తించే రెండు సంస్కృత శ్లోకాలు అక్కడి శాసనంలో ఉన్నవి. అవి దేశికులవేనని సంప్రదాయం. దేశికుల జీవితకాలం 1268–1369 అన్న గణన నిలిచినచో, ఆ శుభదినాన్ని ఆయన కన్నులారా చూడలేదనవలసి వస్తుంది. చూచినా, చూడకపోయినా అభీతిస్తవంలో ఒక్క అక్షరం మారదు.

మరలివచ్చిన మూర్తి విషయంలో ఒక చిక్కు ఏర్పడింది. ఈ మధ్యకాలంలో సన్నిధిలో వేరొక ఉత్సవమూర్తిని నెలకొల్పారు. పూర్వపు స్వామిని ఎరిగినవారు దాదాపు గతించారు. అప్పుడు పూర్వం స్వామి వస్త్రాలను ఉతికిన ఒక వృద్ధ రజకుని పిలిపించారట. ఆయనకు చూపు లేదు. ఉభయమూర్తులకూ తిరుమంజనం జరిపించి, తడివస్త్రాలను పిండిన తీర్థాన్ని ఆయన చేతికిచ్చారు. ఆయన రుచి చూచి, వనవాసం చేసి వచ్చిన స్వామి తీర్థం నోట పడగానే, ఈయనే మన పెరుమాళ్ళని ఎలుగెత్తి పలికాడు. నాటి నుండి స్వామికి నంపెరుమాళ్ అన్న పేరు స్థిరపడింది.