సాంబ మసూరి పుట్టుపూర్వోత్తరాలు

రైలు కొలువుల వెంట వచ్చి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు అక్కడి మంగ్లా ప్రాంతంలో ఉన్నా, మరెక్కడున్నా సాంబ మసూరి అన్నమంటే మనసు. అది అచ్చంగా ఆంధ్ర సొత్తని మన నమ్మకం. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 పేరుతో వచ్చిన ఈ వంగడం మనదే, సందేహం లేదు. కానీ దాని వంశం తరచి చూస్తే జీఈబీ 24 కోయంబత్తూరుది, టీఎన్ 1 తైవాన్‌ది, మసూరి మలేషియాది. ఆ మసూరికి మూలం మళ్లీ మన కటక్‌లోనే ఉంది. 1950లలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ పూనికతో అక్కడ ఇండికా, జపోనికా వరి రకాలను సంకరం చేసి, ఆ విత్తనాన్ని ఆసియా దేశాలకు పంచారు.

దేశం లోపలా అలాంటి పంపకమే సాగింది. 1965లో హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి పథకం మొదలైంది. తొలి సమన్వయకర్త ఎస్.వి.ఎస్. శాస్త్రి. కొత్త రకానికి ఒక తొలి పరీక్ష (ఐఈటీ) నంబరు ఇచ్చి, రాష్ట్రరాష్ట్రాన పండించి, ఫలితాలన్నీ ఒకచోట పరిచి చూసేవారు. తన వంగడం పొరుగు రాష్ట్రంలో తేలిపోతే ఎంతటి శాస్త్రవేత్తయినా ఒప్పుకోవాల్సిందే. మన వరి పరిశోధనలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఆ పథకం నుంచే 1968లో జయ అనే పొట్టి రకం వచ్చింది.

పొట్టి వంగడాల ఆ దారి నచ్చని వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి 17,000కు పైగా దేశవాళీ నమూనాలు సేకరించారు. ఆ పనిలో రైతులూ పరిశోధకులే. 2002లో ఆ సంపద విషయంలో రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ విత్తన కంపెనీ సింజెంటాకూ కుదిరిన ఒప్పందం ప్రజల నిరసనతో ఆగిపోయింది. ఆ నిరసన న్యాయమైనది. పంచుకోవడం వేరు, అప్పగించడం వేరు.

పంచుకోవడం ఎంత మేలో మళ్లీ సాంబ మసూరే చెబుతుంది. దానికి బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు పెద్ద గండం. దాన్ని తట్టుకునే ఎక్స్‌ఏ 21 జన్యువు ఆఫ్రికాలోని మాలి అడవి వరిది. ఫిలిప్పీన్స్‌లో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. మరో రెండు జన్యువులతో కలిసి అది పంజాబ్ వంగడం మీదుగా హైదరాబాద్ చేరింది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో రమేష్ సొంటి బృందానికి డీఎన్‌ఏ విద్య తెలుసు, వరి పరిశోధన సంచాలనాలయం వారికి పొలం తెలుసు. మొక్క తెగులును తట్టుకుంటుందో లేదో చూడటానికి బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలు ఆగి ఆ ఎండు ఎంత కిందికి పాకిందో స్కేలుతో కొలుస్తారు. తట్టుకున్న మొక్కను మళ్లీ సాంబ మసూరితోనే, తరం తర్వాత తరం సంకరం చేశారు. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. సాగుకు సిఫారసు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రతో పాటు ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది.