‘ఏటీ’ బీజాక్షరమా?

కిందటి కార్తీక మాసంలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక ప్రవచనం పెట్టారు. మా ఆవిడ రమ్మంటే వెళ్ళాను. (హేతువాదులు ప్రవచనాలకి వెళ్ళకూడదని రూలేమీ లేదు. నిజానికి మనమే ఎక్కువ శ్రద్ధగా వింటాం.) చెప్పేవాయన ఇంజనీరింగ్ చదివినవాడు. వృత్రాసురుడి కథ ఎత్తుకున్నాడు. త్వష్ట హోమం చేస్తూ ‘ఇంద్రశత్రు’ అన్న మాటలో స్వరం తప్పాడని, అందుకే ఇంద్రుణ్ణి చంపేవాడికి బదులు ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడని చెప్పాడు. అక్కడితో ఆగితే పోయేది. ఆగలేదు. "నమ్మరా? పొలంలో సెల్‌ఫోన్‌తో నడిచే మోటారు స్టార్టర్ ఉంది కదా, దాని లోపల మోడెమ్ ఉంటుంది. దానికి ఏ, టీ అని రెండు బీజాక్షరాలు ముందు చెప్తేనే పలుకుతుంది. ఒక్క అక్షరం తప్పితే పలకదు. యంత్రానికే మంత్రం కావలసి వచ్చినప్పుడు దేవుడికి అక్కర్లేదా?" అన్నాడు. హాలంతా చప్పట్లు. పక్కనే కూర్చున్న, బ్యాంకులో పనిచేసి రిటైరైన మిత్రుడు నా మోకాలు తట్టి, "ఇప్పుడేమంటావోయ్?" అన్నాడు.

ఆ రాత్రి నేనేమీ అనలేదు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. పచ్చి అబద్ధాన్ని కొట్టెయ్యడం తేలిక. సగం నిజానికి లెక్క చూపించాలి. నేను బి.కాం. వాణ్ణి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో బతుకంతా వోచర్లు సరిచూసినవాణ్ణి. కాబట్టి ఈ పద్దు కూడా మొదటి నుంచీ తీస్తాను.

అమెరికాలో చాలాకాలం టెలిఫోన్ తీగకి ఫోన్ కంపెనీ ఇచ్చిన పరికరం తప్ప ఇంకేదీ తగిలించనిచ్చేవారు కారు. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఆ కట్టడిని సడలించింది. అంతకు ముందు, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు, జనం ఫోన్ రిసీవర్‌ని రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించి కంప్యూటర్ కూతలు వినిపించేవారు. నంబరు మనిషే తిప్పాలి, ఫోన్ మనిషే పెట్టెయ్యాలి.

అట్లాంటాలో డెనిస్ హేయిస్, డేల్ హెథరింగ్టన్ అని ఇద్దరుండేవారు. 1977లో చిన్న కంప్యూటర్లలో గుచ్చే మోడెమ్ కార్డు తయారుచేశారు. కార్డు కంప్యూటర్ లోపలే ఉంటుంది కాబట్టి, ఫోన్ ఎత్తు, నంబరు తిప్పు అని చెప్పడానికి వేరే దారి ఉండేది. కానీ ఒక్కో రకం కంప్యూటర్‌కి ఒక్కో కార్డు చెయ్యాలి. అన్నిటికీ పనికొచ్చేది కావాలంటే మోడెమ్‌ని బయట పెట్టెలో పెట్టి, అందరి దగ్గరా ఉండే సీరియల్ తీగతో కలపాలి. చిక్కంతా అక్కడే. ఆ తీగ మీద వెళ్ళేవి అక్షరాలు మాత్రమే. అవతలి ఊరికి పంపవలసిన ఉత్తరమూ ఆ దారినే పోవాలి, మోడెమ్‌కి ఇచ్చే హుకుమూ ఆ దారినే పోవాలి. ఏది ఉత్తరం, ఏది హుకుం అన్నది పెట్టెకి ఎలా తెలియాలి?

1981లో వాళ్ళు అమ్మకానికి పెట్టిన స్మార్ట్‌మోడెమ్ దీనికి జవాబు. సెకనుకి 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. లోపల ఒక చిన్న ప్రాసెసర్. ఆ పెట్టెకి రెండు స్థితులు. ఒక స్థితిలో తీగ మీద వచ్చే అక్షరాలని హుకుంగా చదువుతుంది. రెండో స్థితిలో, అంటే లైను కలిశాక, ఏమొచ్చినా నోరు మూసుకుని అవతలికి పంపేస్తుంది. హుకుం ఎప్పుడూ ‘ఏటీ’తో మొదలవ్వాలి, అటెన్షన్ అన్న మాటలోంచి తీసుకున్నది. ఏటీడీటీ అని నంబరిస్తే టోన్లతో డయల్ చేస్తుంది. ఏటీడీపీ అంటే పాత పద్ధతిలో టకటకమని పల్సులు కొడుతుంది. (మన ఊళ్ళ పాత ఎక్స్ఛేంజీలకి రెండోదే పనికొచ్చేది.) ఏటీహెచ్ అంటే ఫోన్ పెట్టేస్తుంది. పని కుదిరితే ‘ఓకే’, కుదరకపోతే ‘ఎర్రర్’.

ఇక ఆ బీజాక్షరాల సంగతి. ఏ, టీ అక్షరాలే ఎందుకు? దీనికి జవాబు తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఏ ప్రవచనంలోనూ కలగలేదు.

కంప్యూటర్ ఎంత వేగంతో మాట్లాడుతోందో మోడెమ్‌కి ముందుగా తెలియదు. ఎవరూ మాట్లాడనప్పుడు తీగ 1 మీద ఉంటుంది. అక్షరం మొదలయ్యే ముందు ఒక్క బిట్టు కాలం 0కి పడుతుంది. తర్వాత అక్షరం బిట్లు కుడివైపు నుంచి ఒక్కొక్కటే వస్తాయి. పెద్ద ‘ఏ’ సంఖ్య 65, రెండంకెల పద్ధతిలో 1000001. కుడి చివర 1. కాబట్టి తీగ 0కి పడి, సరిగ్గా ఒక్క బిట్టు తర్వాత 1కి లేస్తుంది. ఆ గుంట వెడల్పు కొలిస్తే వేగం దొరికింది. సెకనుకి 300 బిట్లయితే గుంట 3.3 మిల్లీసెకన్లు, 1200 అయితే 0.83. కుడి చివర 0 ఉన్న అక్షరమైతే ఆ గుంట రెండు మూడు బిట్ల దాకా సాగి లెక్క తప్పేది.

తర్వాత ‘టీ’. దాని సంఖ్య 84, అంటే 1010100. ఇందులో మూడు ఒకట్లు, బేసి. ‘ఏ’లో రెండు, సరి. తప్పులు పట్టుకోవడానికి అక్షరం చివర చేర్చే పారిటీ బిట్టు సరి పద్ధతా, బేసి పద్ధతా, అసలు లేదా అన్నది ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. మనం లెడ్జర్‌లో అడ్డం మొత్తం, నిలువు మొత్తం సరిచూసినట్టు. రెండు చిన్న అక్షరాలుగా కొట్టినా పని జరుగుతుంది, అక్కడా ఒకటి బేసి, ఒకటి సరి. పెద్ద ‘ఏ’ పక్కన చిన్న ‘టీ’ కొడితే మాత్రం చాలా మోడెములు పలకవు. లెక్క చూడండి. చిన్న ‘టీ’ 1110100, నాలుగు ఒకట్లు. రెండూ సరే, తేడా పోయింది. ప్రవచనకర్తగారు చెప్పిన స్వరదోషం ఇదే! ఆ దోషం ఎక్కడుందో కాయితం మీద వేలు పెట్టి చూపించొచ్చు, చంటిపిల్లవాడు కూడా లెక్కపెట్టి చూసుకోవచ్చు. అంతెందుకు, ఇంద్రశత్రు ఉదాహరణ కూడా పతంజలి మహాభాష్యంలో వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్పే చోట వస్తుంది. స్వరం మారితే సమాసం మారుతుంది, సమాసం మారితే అర్థం మారుతుంది. భాష గురించి చెప్పిన మంచి మాట. దాన్ని మహిమగా మార్చుకున్నది తర్వాతివాళ్ళు.

ఈ పద్దులో ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది. లైను కలిశాక మోడెమ్ ఏదొస్తే అది పంపేస్తుందన్నాను కదా. మరి దాన్ని మళ్ళీ హుకుం వినే స్థితికి తేవడం ఎలా? ‘ఏటీహెచ్’ అంటే అది కూడా అవతలికి పోతుంది. ఏదో ఒక గుర్తు కావాలి. ఏ గుర్తు పెట్టినా అది ఎప్పుడో ఒకప్పుడు ఉత్తరంలోనే రావచ్చు. హేయిస్ కంపెనీ పెట్టిన గుర్తు మూడు ప్లస్సులు, ‘+++’. హెథరింగ్టన్ ఆలోచన మాత్రం ఆ ప్లస్సుల్లో లేదు, వాటికి ముందూ వెనకా ఉండే మౌనంలో ఉంది. ముందు ఒక సెకను ఏమీ రాకూడదు, మూడు ప్లస్సులు రావాలి, మళ్ళీ ఒక సెకను ఏమీ రాకూడదు. అప్పుడే అది హుకుం. ధారగా పోయే ఉత్తరం మధ్యలో మూడు ప్లస్సులొస్తే అవి ప్లస్సులే.

మాట ఒకటే. ఒక చోట అది ఆజ్ఞ, ఇంకోచోట ఆజ్ఞ గురించిన ముచ్చట. ఆ తేడా అక్షరాల్లో లేదు, వినేవాడు ఏ స్థితిలో ఉన్నాడన్నదాంట్లో ఉంది.

దీనికి 1985లో పేటెంటు వచ్చింది. హేయిస్ హుకుములనే వాడుతున్న పోటీ కంపెనీల్లో కొన్ని రాయల్టీ కట్టనన్నాయి. ఎవరెక్స్, వెన్‌టెల్, ఆమ్నిటెల్ కోర్టుకెక్కి 1991లో జ్యూరీ ముందు ఓడిపోయాయి, 1992లో అప్పీలు కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. రాయల్టీ తప్పించుకోవాలనుకున్న మరికొందరు ఆ మౌనాన్నే తీసేశారు. ‘+++’ వెంటనే ఏటీ, ఒక హుకుం, చివర ఎంటర్ వస్తే చాలు, వినేస్తుంది. అన్నీ అదే వరసలో ఉత్తరంలో ఎందుకొస్తాయి లెమ్మన్నారు. ఇది ప్రమాదమని హేయిస్ కంపెనీ చాటింపు వేసింది. వాళ్ళ సొమ్ము పోతోంది కాబట్టి వాళ్ళలా అనడం సహజం, అనుమానించినవాళ్ళని తప్పు పట్టలేం. కానీ సొమ్ము కోసం చెప్పినంత మాత్రాన మాట అబద్ధమైపోదు. 1998 నాటికి ఇంటర్నెట్‌లో కొంటె కుర్రాళ్ళు కనిపెట్టారు. ఎవరికైనా ‘+++ఏటీహెచ్0’ అన్న అక్షరాలు పెట్టి పింగ్ పంపితే, అతని కంప్యూటర్ మర్యాదగా అవే అక్షరాలు తిరిగి పంపుతుంది. అవి అతని సొంత మోడెమ్ గుండానే పోవాలి. మౌనం అక్కర్లేని మోడెమైతే అది తనకే చెప్పారనుకుని ఫోన్ పెట్టేస్తుంది! ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఉన్న వ్యాసమైనా సరే, అలాంటి మోడెమ్ మీద పంపితే మధ్యలో లైను తెగిపోయే వీలుండేది.

హేయిస్ కంపెనీ 1994లో ఒకసారి, 1998లో మళ్ళీ దివాలా తీసింది. మిగిలింది ఆ రెండక్షరాలే. 1995లో అవి అంతర్జాతీయ టెలికం సంస్థ ప్రమాణంలోకెక్కాయి, అక్కణ్ణుంచి సెల్‌ఫోన్ ప్రమాణాల్లోకి వెళ్ళాయి. దుకాణంలో కార్డు గీకే యంత్రాల్లో కొన్నిటి లోపల డయలప్ మోడెమ్ ఉండేది, దానికీ ఇవే హుకుములు. పొలంలోని స్టార్టర్ పెట్టెలో అరచేతిలో సగం కూడా లేని సెల్ మాడ్యూలుకీ ఇవే. పెట్టెలోని చిన్న చిప్పు దానికి ‘ఏటీ+సీఎంజీఎస్’ అని రాసి నంబరిస్తే రైతుకి ఎస్సెమ్మెస్ పోతుంది. మాడ్యూలు ‘ఓకే’ అంటుంది. ఆ ఓకేకి అర్థం సందేశం నెట్‌వర్కు తీసుకుందని. రైతు చదివాడని కాదు, మోటారు ఆగిందని అసలే కాదు.

ఇంతకీ హుకుములు మంత్రాలు కావు అంటున్నాను గానీ, మనుషులు వాటిని మంత్రాలుగా చెయ్యగలరు. నేను కళ్ళారా చూశాను.

1997 చివర్లో నేనొక ఆఫీసులో ఉండేవాణ్ణి, ఊరూ పేరూ అనవసరం. ఐదో వేతన సంఘం బకాయిల కాలం. మా జాబితాలు రాత్రిపూట మోడెమ్ మీద పై ఆఫీసుకి పోవాలి. డయల్ చేసేముందు కంప్యూటర్ ఒక హుకుముల వరస పంపేది, ‘ఏటీ&ఎఫ్ఎక్స్3&కే3\ఎన్3’ అని. ఎవరో ఇంజనీరు ఎప్పుడో రాసిచ్చిన చీటీ. అర్థం ఎవరికీ తెలియదు, ముట్టుకోవద్దని మాత్రం అందరికీ తెలుసు. గోడకి అంటించారు, ఆయుధ పూజ నాడు దానికీ నాలుగు మూలలా కుంకుమ పెట్టారు.

ఒక పిడుగుకి మోడెమ్ మాడిపోయింది. కొటేషన్లు, మంజూరీలు అన్నీ అయ్యాక కొత్తది వచ్చింది, వేరే కంపెనీది. చీటీలో ఉన్నది పంపితే ‘ఎర్రర్’. మళ్ళీ పంపితే మళ్ళీ ఎర్రర్. మోడెమ్ బల్ల ఆగ్నేయంలో ఉండాలన్నాడొకాయన. పొడుగు తీగ కొని జరిపారు. నిమ్మకాయ కట్టారు. పదకొండు రోజులు గడిచాయి, నెలాఖరు గడువు దాటింది. ఆ జాబితాల్లో జవాన్ల పెన్షన్లున్నాయి, వితంతువుల కుటుంబ పెన్షన్లున్నాయి. ఒక పెద్దావిడ రెండుసార్లు కౌంటరుకొచ్చి, "ఈ నెలైనా వస్తుందా బాబూ?" అని అడిగింది. మిషను బాగాలేదమ్మా అన్నాను. అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు.

పన్నెండో రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక, మోడెమ్‌తో వచ్చిన పుస్తకం అట్టపెట్టెలోంచి తీశాను. అప్పటిదాకా దాన్ని ఎవరూ విప్పలేదు. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ఏం చేస్తాం? పద్దులు ఒక్కొక్కటే చూస్తాం. ‘ఏటీ’ ఒక్కటే కొట్టాను, ఓకే. అంటే మిషను బతికే ఉంది. ‘&ఎఫ్’ ఓకే. ‘ఎక్స్3’ ఓకే, అది డయల్ టోన్ కోసం చూడకుండా నంబరు కొట్టమని. ‘&కే3’ ఓకే. ‘\ఎన్3’ ఎర్రర్! ఈ కంపెనీకి ఆ హుకుమే లేదు. వరసలో ఒక్కటి తెలియకపోయినా ఎర్రర్ అనే చెప్తుంది. దాన్ని కొట్టేసి పంపాను. లైను కలిసింది. నా అంతవాడు లేడనుకున్నాను.

సగం ఫైలు పోయాక చెడింది. మూడుసార్లు అంతే. పుస్తకం మళ్ళీ తిరగేస్తే తేలింది. పాత మోడెమ్‌లో ‘&కే3’ అంటే కంప్యూటర్, మోడెమ్ ఒకదాన్నొకటి ఆగమని సైగ చేసుకునే ఏర్పాటు. ఈ కొత్తదాంట్లో అదే ‘&కే3’ ఉత్తరాన్ని కుదించే పద్ధతికి సంబంధించినది. సైగల ఏర్పాటుకి ఇక్కడ ‘&హెచ్1’. ఇందాక మిషను ఓకే అన్నది నిజమే, నేననుకున్నదానికి కాదు. అది మార్చాక రాత్రి పదకొండున్నరకి మొత్తం జాబితా పోయింది. ఆవిడకి డబ్బు ఒక నెల ఆలస్యంగా అందింది.

మర్నాడు కొత్త వరస చీటీ మీద రాసి, ఒక్కో హుకుం ఎదురుగా దాని అర్థం తెలుగులో రాసి గోడకి అంటించాను. పాతది చింపబోతే, ఉండనివ్వండి సార్, ఇన్నాళ్ళు పనిచేసింది అన్నాడు మా గుమాస్తా. తర్వాతి దసరాకి చూస్తే రెండు చీటీలకీ కుంకుమ ఉంది. నా చీటీలో ‘&హెచ్1’కి రాసిన అర్థం కుంకుమ కింద పడి కనబడలేదు.