అన్నది మల్లీశ్వరి, తమ్ముడిది పాతాళభైరవి

పాములపాడులో టీ అంగడి కాడ సినిమా మాట లేచిందంటే రెండు జట్లు తయారవుతాయి. పొద్దంతా చేనులో వంగి పని చేసొచ్చినోడికి పాట, ఫైటు, కడుపుబ్బ నవ్వు ఉంటే చాలు, డబ్బులిచ్చి మరీ ఏడవడం దేనికని ఒక జట్టు. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా మనసులో మెదలకపోతే అదేం సినిమా అని ఇంకో జట్టు. మొదటిది టైంపాస్, రెండోది అవార్డు సినిమా. ఒకటి మాస్, ఇంకోటి క్లాస్. ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ఎక్కడికి పోయినా తగువు ఇట్లాగే ఉంటుంది. వింటుంటే సినిమా పుట్టినప్పుడే ఇదీ పుట్టిందేమో అనిపిస్తుంది. కాదు. ఈ విభజన తర్వాత వచ్చింది, అదీ విడతలు విడతలుగా. మొదటి విడతల్లో ఉన్నవాళ్లు చాలామంది మన పొరుగు జిల్లాలవాళ్లే.

మొదట్లో తెలుగువాళ్లు సినిమాను మూడు రకాలుగా చూసేవాళ్లు: పౌరాణికం, జానపదం, సాంఘికం. అది వస్తువును బట్టి చేసిన విభజన, బరువును బట్టి కాదు. పౌరాణికంలో హాస్యగాడు ఉండేవాడు, సాంఘికంలో ఆరేడు పాటలు ఉండేవి. కడప జిల్లా నుంచి మద్రాసు చేరిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, అంటే మనకు తెలిసిన బి.ఎన్.రెడ్డి, వాహిని పేరు మీద తీసిన తొలి సినిమాలు చూడండి. వందేమాతరం (1939) చదువుకున్నవాడి నిరుద్యోగం గురించి, సుమంగళి (1940) వితంతు వివాహం గురించి. ఇవి ఆడింది మామూలు హాళ్లలో, చూసింది మామూలు జనం. వీటిని ఎవరూ ప్రత్యేకంగా పక్కన పెట్టి, ఇది కళ అని చీటీ అంటించలేదు.

అదే వాహినిలో తాడిపత్రి నుంచి వచ్చిన కదిరి వెంకటరెడ్డి, అంటే కె.వి.రెడ్డి, ఉన్నాడు. సినిమాల్లో ఆయన మొదటి కొలువు కెమెరా పక్కన కాదు, లెక్కల పుస్తకం ముందు. రోహిణి సంస్థలో గృహలక్ష్మి (1938) తీసేటప్పుడు క్యాషియర్. దర్శకుడయ్యాక కూడా లెక్క మరవలేదని ఆయన సినిమాలు చూస్తే తెలుస్తుంది, ఒక్క సన్నివేశం వృథాగా ఉండదు. ఆయన చిన్ననాటి స్నేహితుడు, తాడిపత్రి వ్యాపారి మూలా నారాయణస్వామి వాహినికి పెట్టుబడి పెట్టాడు. సీమ డబ్బు, సీమ మనుషులు మద్రాసులో కట్టిన సంస్థ అది.

కె.వి.రెడ్డి మొదట భక్త పోతన తీశాడు, బాగా ఆడింది. తర్వాత యోగి వేమన (1947). చిత్తూరు నాగయ్య వేమనగా నటించిన ఆ సినిమాను విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. జనం మాత్రం పోతనకు వచ్చినట్టు రాలేదు. వాహినికి నష్టం వచ్చింది. నా లెక్కలో తెలుగు సినిమాలో మొదటి గీత పడింది ఇక్కడే. మెచ్చుకున్నవాళ్లు వేరు, టికెట్టు కొన్నవాళ్లు వేరు అని లెక్కల పుస్తకం తెలిసిన దర్శకుడికి మొదటిసారి కళ్లకు కట్టింది.

దాని జవాబుగా ఆయన గుణసుందరి కథ (1949) తీశాడు. రాజు, ముగ్గురు కూతుళ్లు, తండ్రి మెప్పు కోసం పొగడని చిన్నది, ఆమెకు అంటగట్టిన అవిటి మొగుడు. వింటే అవ్వలు చెప్పే కథలా ఉంటుంది, లోపల ఉన్నది మాత్రం షేక్స్‌పియర్ కింగ్ లియర్. ఇంగ్లీషు సాహిత్యంలో అంతకంటే బరువైన విషాదం వెతికినా దొరకదు. పింగళి నాగేంద్రరావు కలంతో, కస్తూరి శివరావు, రేలంగి నవ్వులతో అది పల్లెటూరి జనం పిల్లల్ని చంకనేసుకుని పోయి చూసే సినిమా అయింది. వేమన దెబ్బ తిన్న మనిషి తేలిక సరుకుకు దిగాడని అనుకోవచ్చు. నాకైతే బరువును దాచిపెట్టడం నేర్చుకున్నాడనిపిస్తుంది.

సరిగ్గా అదే పాఠం బి.ఎన్.రెడ్డి తమ్ముడు నాగిరెడ్డికి మరుసటి సంవత్సరమే వచ్చింది. తెనాలి చక్రపాణితో కలిసి ఆయన అప్పటికే 1947 నుంచి చందమామ నడుపుతున్నాడు. ఇద్దరూ విజయా సంస్థ పెట్టి తీసిన మొదటి సినిమా షావుకారు (1950). ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం. పల్లెటూరు, రెండిళ్లు, వడ్డీ వ్యాపారం, మధ్యలో విరిగిపోయే స్నేహం. ఇవాళ చూసినా ఊరి వాసన వస్తుంది. అప్పుడు మాత్రం డబ్బులు రాలేదు. విజయా రెండో సినిమా ఏమిటన్న ప్రశ్నకు జవాబు చందమామ పాఠకుల దగ్గరే ఉంది: మాంత్రికుడు, రాజకుమారి, సాహసం. దర్శకుడిగా వాహిని మనిషి కె.వి.రెడ్డిని పిలిచారు.

ఇక 1951. ఈ కథలో నిలబడి చూడాల్సిన సంవత్సరం ఇదే.

మద్రాసు వడపళనిలో వాహిని స్టూడియో. దాన్ని నాగిరెడ్డి అప్పటికే లీజుకు తీసుకున్నాడు. ఆ ఆవరణలోనే తమ్ముడి పాతాళభైరవి తయారైంది, అన్న మల్లీశ్వరి తయారైంది. రెండింటిలో హీరో ఒక్కడే, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న ఎన్.టి.రామారావు. మార్చి 15న పాతాళభైరవి వచ్చింది. తోటరాముడి కత్తి కంటే ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడి మాటలు జనానికి ఎక్కువ కంఠతా వచ్చాయి. మార్కస్ బార్ట్‌లే కెమెరా పాతాళ గుహను, మాయామహలును నిజమనిపించింది. వంద రోజులు దాటి ఆడింది. డిసెంబర్ 20న మల్లీశ్వరి వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఎ.కె.శేఖర్ వేసిన విజయనగర కాలపు వీధులు. మెచ్చుకోనివాడు లేడు. తమ్ముడి సినిమాకు వచ్చిన జనం మాత్రం రాలేదు.

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఒక సంగతి తట్టాలి. రెండూ ఒకే కథ. మామూలు కుర్రాడు, ఎదురుగా రాజభవనం. పాతాళభైరవిలో తోటమాలి ఇంటి పిల్లవాడు రాజకుమారిని ప్రేమిస్తాడు. రాజు సాటి సంపద తెమ్మంటాడు. మాంత్రికుడి దగ్గరికి పోయి, భైరవిని సాధించి, రాత్రికి రాత్రి మహలు లేపి వాడు కోటలోకి నడుస్తాడు. మల్లీశ్వరిలో శిల్పి నాగరాజు మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలతో వేళాకోళానికి ఒక మాట అంటాడు, తాను ప్రేమించిన మల్లికి రాణివాసం పల్లకీ పంపమని. పల్లకీ నిజంగానే వస్తుంది. పిల్లను తీసుకుపోతుంది. అదే గోడ, మొదటి సినిమాలో మంత్రంతో కూలుతుంది, రెండో సినిమాలో నవ్వులాట మాటతో లేస్తుంది. ఏది తేలిక, ఏది బరువు? తేలికైనదంటున్న సినిమాలో కూడు, కులం, హోదా ఉన్నాయి. బరువైనదంటున్న సినిమాలో కష్టమంతా మొదలైంది ఒక వేళాకోళంతో.

పాములపాడు మండలంలోనే ఉన్న బనకచెర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర నిలబడిన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చేది ఒకటే కృష్ణ నీరు. గేట్ల దగ్గర తెలుగుగంగకు కొంత, ఎస్సార్బీసీకి కొంత, కేసీ కాలువకు కొంత. కాలువ పేరు మారిందని నీటి రుచి మారదు.

లోకం కూడా అప్పటికి రెండింటినీ విడదీయలేదు. 1952 జనవరిలో బొంబాయిలో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగితే, ఇటలీ నుంచి వచ్చిన బైసికిల్ థీవ్స్‌తో పాటు దక్షిణాది నుంచి పోయింది పాతాళభైరవి. సైకిలు పోగొట్టుకున్న కూలీ, భైరవిని సాధించిన తోటరాముడు ఒకే ఉత్సవంలో కలిశారు. మల్లీశ్వరి 1953లో చైనీస్ ఉపశీర్షికలతో బీజింగ్ వెళ్లింది.

తీసినవాళ్లయితే గీతను అటూ ఇటూ దాటుతూనే ఉన్నారు. పాతాళభైరవి తీసిన కె.వి.రెడ్డి మూడేళ్లకు పెద్దమనుషులు (1954) తీశాడు. ఇబ్సెన్ నాటకం పిల్లర్స్ ఆఫ్ సొసైటీ దానికి మూలం, ఊరి పెద్ద ముసుగు వెనక ఉన్న దొంగతనం దాని వస్తువు. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. అందులో నిజం మాట్లాడే పని ఎవరికి ఇచ్చాడు? రేలంగి వేసిన తిక్క శంకరయ్యకు. ఇంకో మూడేళ్లకు మాయాబజార్ (1957), పాండవులు ఒక్కసారి కూడా కనపడని మహాభారత కథ, మొదటి నుంచి చివరి దాకా నవ్వు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ పెట్టిన ఓటింగులో జనం దేశంలోకెల్లా గొప్ప సినిమాగా ఎంచుకున్నది దాన్నే. అటు బి.ఎన్.రెడ్డి, జీవితంలో తీసిందే 11 సినిమాలు, అందులో ఒకటి రాజమకుటం (1960). కత్తులు, కోటలు ఉన్న నిఖార్సయిన జానపదం, రామారావే హీరో. నాగిరెడ్డి, చక్రపాణి తీసిన మిస్సమ్మ (1955)ను హాయిగా నవ్వుకునే సినిమా అంటాం. కథ ఎక్కడ మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి, ఉద్యోగం దొరక్క మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడిన ఇద్దరు. అన్న వందేమాతరంలో పట్టుకున్న నిరుద్యోగాన్నే తమ్ముడు 16 ఏళ్ల తర్వాత నవ్విస్తూ చూపించాడు.

మరి గీత గోడ ఎట్లయింది? నేను నెపం ప్రేక్షకుడి మీద వేయను. టెంటు హాలులో నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు వేరైనా తెర ఒక్కటే. నేలవాడు ఏడ్చిన చోటే కుర్చీవాడూ ఏడ్చాడు. గోడ కట్టినవి డబ్బు దారులు, బహుమతి దారులు. 1960లో కేంద్రం ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టింది, మంచి సినిమాకు అప్పు ఇవ్వడానికి. ఉద్దేశం మంచిదే. కాకపోతే అప్పటినుంచి మంచి సినిమా బజారు సొమ్ముతో కాకుండా సర్కారు సొమ్ముతో తీయాల్సిన వస్తువన్న అభిప్రాయం మెల్లగా స్థిరపడింది. 1975 సినిమాల నుంచి జాతీయ అవార్డుల్లో ఇంకో విభాగం చేరింది, ఆరోగ్యకరమైన వినోదం అందించిన ప్రజాదరణ చిత్రానికి. అంటే ఉత్తమ చిత్రం ఒకటి, జనం చూసే చిత్రం ఒకటి అని ప్రభుత్వమే కాగితం మీద రాసి పెట్టింది.

రెండేళ్లలో తెలుగు తెర మీద ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. 1977లో రాఘవేంద్రరావు అడవి రాముడు రాష్ట్రమంతా ఊపేసింది. అదే ఏడు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కఫన్ కథతో ఒక ఊరి కథ తీసి జాతీయ అవార్డు తీసుకుపోయాడు. మొదటిది అందరూ చూశారు, రెండోదాన్ని అందరూ గౌరవించారు. ఇప్పటి అభిమానుల తగువుకు అచ్చమైన రూపం అప్పుడు వచ్చింది.

మూడేళ్లకే ఆ రూపాన్ని రెండు సినిమాలు చెడగొట్టాయి. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చింది. హీరో డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తున్న సోమయాజులు, వయసు మళ్లిన పాత్ర, నిండా శాస్త్రీయ సంగీతం. మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీ, తర్వాత టికెట్టు దొరకలేదు. కేంద్రం ఇచ్చింది ఆ ప్రజాదరణ బహుమతే. మార్చిలో బి.నర్సింగరావు నిర్మించిన మాభూమి వచ్చింది, గౌతమ్ ఘోష్ దర్శకత్వం. తెలంగాణ సాయుధ పోరాటం కథ, తారలు లేరు, అయినా హైదరాబాదులో ఉదయం ఆటలుగా చాలాకాలం నడిచింది.

ఇక్కడ సీమవాడిగా ఒక మాట చెప్పుకోవాలి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర ఆడినప్పుడు మన ఊళ్లలోనూ ఈలలు వేశారు, నేనూ వేశాను. ఫ్యాక్షన్ గొడవల్లో మన ఇళ్లలో నిజంగా జరిగిన చావులు అందరికీ వినోదమైన కాలమది. వాటిని సీరియస్‌గా పట్టుకున్న సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఈ తగువులో మన సీమవాళ్లు అడగాల్సిన ప్రశ్న అలా ఎందుకయిందన్నదేనని నాకెప్పుడూ అనిపిస్తుంది గానీ, ఎవరూ అడగరు.

దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు 1974కు గాను బి.ఎన్.రెడ్డికి, 1986కు గాను నాగిరెడ్డికి వచ్చింది. అన్నకు కళకని, తమ్ముడికి వినోదానికని కాగితంలో ఎక్కడా లేదు. 2015 సినిమాలకు ఇచ్చిన జాతీయ అవార్డుల్లో బాహుబలి మొదటి భాగం ఏకంగా ఉత్తమ చిత్రం అయింది. 2017కు వచ్చేసరికి రెండో భాగానికి ప్రజాదరణ వినోద చిత్రం పతకం ఇచ్చారు. ఒకే కథ, ఒకే దర్శకుడు, కట్టప్ప కత్తి దూసిన చోట రెండు ముక్కలైన ఒకే సినిమా. పతకాలు అటుదిటు, ఇటుదటు ఇచ్చి ఉన్నా అభ్యంతరం చెప్పేవాడు ఎవడూ ఉండేవాడు కాదేమో.