బి.బి.సి. మైక్రో: ఒక పాత గృహ కంప్యూటరు, దాని రక్షణ

ప్రసార సంస్థ పేరు పెట్టుకొని ఇండ్లలోనికి వచ్చిన కంప్యూటరు ఒకటి కలదు. దానిని గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పుటకై బి.బి.సి. ఒక పాఠముల వరుసను తలపెట్టి, తగిన యంత్రమును వెదకినది. కేంబ్రిడ్జి నగరమందలి ఏకార్న్ సంస్థ ఆ పనికి ఎన్నికైనది. 1981 డిసెంబరులో యంత్రము వెలువడినది. 1982 జనవరిలో టెలివిజను పాఠములు మొదలైనవి. అందలి 6502 ప్రాసెసరు సెకనుకు 20 లక్షల స్పందనల వేగమున పనిచేయును. 'బి' రకమునకు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. నేటి చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు. అయినను సోఫీ విల్సన్ రచించిన బేసిక్ భాష చిప్పునందే శాశ్వతముగా నిక్షిప్తమై యుండుటచే, మీట నొక్కిన వెంటనే యంత్రము పనికి సిద్ధమగును. 1984లో భారత ప్రభుత్వము పాఠశాలలలో ఆరంభించిన 'క్లాస్' పథకమునకును ఈ యంత్రమే వచ్చినది.

ఇట్టి పాత యంత్రము దొరకిన వెంటనే ప్లగ్గు పెట్టి చూడవలెనని ఎవరికైనను తోచును. అది తగదు. దాని విద్యుత్ సరఫరా పెట్టెలో, మెయిన్సు చెంత, లోహపు పూతగల కాగితముతో చేసిన చిన్న కెపాసిటర్లు ఉండును. ఏండ్లు గడచినకొలది వాని పైతొడుగు బీటలువారి, గాలిలోని చెమ్మ కాగితమును చేరును. అట్టివానికి విద్యుత్తు తగిలినచో అవి పగిలి దట్టమైన పొగ గ్రక్కును. కావున ముందుగా వానిని మార్పించవలెను. ఆ పని తెలిసినవారిచేతనే చేయించుట మేలు. ప్లగ్గు తీసిన పిదపకూడ లోపలి పెద్ద కెపాసిటరులో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. సాకెట్లలో కూర్చిన చిప్పుల కాళ్లకు పట్టిన చిలుమును తుడిచి మరల అమర్చినచో, మూగవోయిన యంత్రము పెక్కుసార్లు పలుకును.

ఇంత శ్రమ ఎందులకు? ఇంగ్లండు రాజు విలియము 1086లో దేశపు భూములను లెక్కింపించి 'డూమ్స్‌డే' గ్రంథమును వ్రాయించెను. దాని 900 ఏండ్ల పండుగకు, 1986లో, బి.బి.సి. ప్రజలచేత వారి ఊళ్ల విశేషములు వ్రాయించి లేజరు పళ్లెములపై నిక్షేపించినది. వానిని చదువుటకు ఈ వంశపు కంప్యూటరే కావలెను. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ యంత్రములు అరుదై, పళ్లెములు చదువరాని స్థితికి వచ్చినవి. నిపుణులు ఎంతయో శ్రమించిన మీదట, 2011లో ఆ ఊళ్ల విశేషములు మరల ప్రజలకు అందినవి. తోలుపై వ్రాసిన పాత గ్రంథమునకు మాత్రము ఏ యంత్రపు సాయమును అక్కరలేకపోయినది.

మన పెద్దలు తాళపత్రములకు నూనె రాచి కాపాడిరి. అటకమీద పాత టేపులు, పళ్లెములు గల శ్రోతలు, వానిని చదువు యంత్రము పనిచేయుచుండగనే నకలు తీయించుకొనవలసినదిగా మా మనవి.