మూలకణ మార్పిడి తర్వాత వైరస్‌లు తిరగబెట్టడం

రక్త మూలకణ మార్పిడి, అంటే వాడుకలో ఎముక మూలుగ మార్పిడి, జరిగిన రోగి ఒంట్లో ఎన్నో ఏళ్లుగా అణగి ఉన్న వైరస్‌లు మళ్లీ విజృంభించే స్థితి ఇది. చాలావరకు బయటి నుంచి కొత్తగా సోకిన జబ్బు కాదు. చూడటానికి వచ్చిన వాళ్లలో ఎవరి వల్ల అంటుకుందోనని ఇంటివాళ్లు కుమిలిపోతుంటారు. వైరస్ తిరగబెట్టినప్పుడు ఆ బాధకు ఆధారం లేదు.

హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం ఉండిపోతాయి. వాటిని రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు అదుపులో ఉంచుతాయి. మార్పిడికి ముందు ఇచ్చే తీవ్రమైన కీమోథెరపీ ఆ కాపలాను తుడిచేస్తుంది. దాత కణాలు రోగి అవయవాల మీద దాడి చేయకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్లు కొత్త టి-కణాలను కూడా అణచిపెడతాయి. 

హెర్పిస్ కుటుంబంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపెట్టి ఉండవలసింది సైటోమెగలో వైరస్‌ను. భారతదేశంలో పెద్దవాళ్లలో అత్యధికుల ఒంట్లో ఇది ఉంటుంది. దాతలో ఈ వైరస్ లేకపోతే రోగికి మేలే అనిపిస్తుంది. నిజానికి రోగిలో వైరస్ ఉండి దాతలో లేనప్పుడే ముప్పు ఎక్కువ, ఎందుకంటే ఆ దాత టి-కణాలు ఈ శత్రువును ఎన్నడూ ఎరుగవు. మూత్రపిండ మార్పిడిలో లెక్క తిరగబడుతుంది: అక్కడ దాతలో ఉండి రోగిలో లేకపోవడమే ప్రమాదం.

1980లలో ఈ వైరస్ వల్ల న్యుమోనియా వచ్చినవారిలో ఎక్కువమంది చనిపోయేవారు. అందుకే జ్వరం, ఆయాసం కోసం ఎదురుచూడకుండా సుమారు తొలి 100 రోజులూ వారం వారం రక్తానికి పీసీఆర్ పరీక్ష చేసి, వైరస్ మోతాదు హద్దు దాటగానే మందు మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. ఆ మందు గాన్‌సైక్లోవిర్. అయితే అది తెల్లకణాలను తగ్గిస్తుంది. అప్పుడప్పుడే మొలకెత్తుతున్న మూలుగకు అది పెద్ద దెబ్బ. దానికి బదులుగా వాడే ఫాస్కార్నెట్ మూత్రపిండాలకు చేటు చేస్తుంది. 2017లో అమెరికాలో నివారణ మందుగా అనుమతి పొందిన లెటర్మోవిర్ మూలుగ జోలికి పోకుండా వైరస్ తన డీఎన్ఏను పొట్లం కట్టుకోనివ్వదు. అనుమతికి ఆధారమైన పరీక్షల్లో 24 వారాలకు చికిత్స అవసరమయ్యే స్థాయి ఇన్ఫెక్షన్ ఈ మందు తీసుకున్నవారిలో 37.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 60.6 శాతం.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ లింఫోమాకు దారితీయవచ్చు. దానికి రిటుక్సిమాబ్ వాడతారు. బీకే వైరస్ మూత్రాశయంలో రక్తస్రావం తెస్తుంది. హెపటైటిస్-బి పాతదైనా తిరగబెడుతుంది కనుక మార్పిడికి ముందే పరీక్షించడం తప్పనిసరి. మందులకు లొంగని వైరస్‌ల మీదికి ప్రయోగశాలలో పెంచిన టి-కణాలనే పంపే చికిత్సకు 1990లలో సియాటిల్ పరిశోధకులు బాట వేశారు.

చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ మాత్రం నెలల తర్వాత సర్పిగా పైకి వస్తుంది. లెటర్మోవిర్ దీని మీద పనిచేయదు కాబట్టి ఎసైక్లోవిర్‌ను కనీసం ఏడాదిపాటు కొనసాగిస్తారు. ఒళ్లు కుదుటపడిందని రోగి ఆ మాత్ర మానేస్తే, ఒక్కోసారి ఒంటిపై పొక్కు కూడా లేకుండా భరించలేని కడుపునొప్పితోనే ఈ జబ్బు మొదలవుతుంది.