పెట్టెలో దిగే తేలిక విమానం: గోదావరిఖని వైపు నుంచి ఒక చరిత్ర

పెద్దపల్లి నుంచి గోదావరిఖనికి వచ్చే రాజీవ్ రహదారి పక్కన, బసంత్‌నగర్‌లో, బిర్లా వర్గానికి చెందిన కేశోరాం సిమెంట్ కర్మాగారం తన అవసరాల కోసం వేయించుకున్న విమాన పట్టీ రామగుండం బొగ్గు ప్రాంతపు విమానయాన చరిత్రకు మిగిలిన ముఖ్యమైన ఆనవాలు. విమాన పట్టీ అంటే పెద్ద విమానాశ్రయపు హంగులు లేకుండా చిన్న విమానాలు దిగి లేవడానికి సరిపడే రన్‌వే. చిన్న పట్టణాలను కలపడానికి 1981 జనవరిలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ వాయుదూత్ ఆ దశకంలో హైదరాబాద్ నుంచి ఇక్కడికి విమానాలు నడిపింది. ఆ సర్వీసులు ఆగిపోయిన తరువాత పట్టీ నిరుపయోగంగా మిగిలింది. తెలంగాణలో ప్రాంతీయ విమానాశ్రయాలకు అనువైనవిగా పరిశీలించిన ఆరు స్థలాలలో మామునూరు, జక్రాన్‌పల్లి, ఆదిలాబాద్‌ల సరసన బసంత్‌నగర్ పేరు కూడా ఉంది గనుక దాని కథ ముగిసిపోయిందని చెప్పడానికి లేదు.

ఈ ప్రాంతపు మిగతా చరిత్ర అంతా నేల కిందిదే. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు స్థిరపడడం, 1945లో నిజాం ప్రభుత్వం దానిని చేజిక్కించుకోవడం, ఆ తరువాత దశాబ్దిన్నరకు గోదావరి ఒడ్డున కొత్త గనులు తెరుచుకుని గోదావరిఖని అనే ఊరే పుట్టడం తెలిసిన విషయాలే. బొగ్గు వెంట విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం, సిమెంటు వచ్చాయి. ఆ పరిశ్రమల వెంటే ఆకాశమార్గం కూడా వచ్చింది. ఇక్కడి వారికి చిన్న విమానం పరిచయమైంది పరిశ్రమకు అనుబంధంగానే తప్ప సరదాగా ఎగిరే యంత్రంగా కాదు.

సరదాగా ఎగిరే విమానానికి తెలుగు నేల మీద చిరునామా బేగంపేట. 1930ల్లో నిజాం రాజ్యంలో ఏరో క్లబ్ అక్కడే పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడే నెలకొన్న ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాలలో యువకులు టైగర్ మాత్ అనే, రెండంతస్తుల రెక్కలు గల బ్రిటిష్ విమానం మీద ఎగరడం నేర్చుకున్నారు. స్వాతంత్ర్యం తరువాత శిక్షణ విమానాల కోసం పరదేశం వైపు చూసే అగత్యం తప్పించాలన్న ఆలోచనతో బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 1951లో హెచ్‌టీ-2ను ఎగరేసింది. 1958 సెప్టెంబరు 28న తొలిసారి ఎగిరిన పుష్పక్ దానికంటే చౌక, సరళమైన విమానం: వి.ఎం. ఘాటగే నాయకత్వంలో రూపొందింది, అమెరికాలోని ఏరోంకా చీఫ్ అనే విమానానికి దగ్గరి బంధువు, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను, పక్కపక్కన రెండు సీట్లు, గుడ్డ కప్పిన దేహం, తలకు పైన సుమారు 11 మీటర్ల రెక్క. నూట యాభైకి పైగా పుష్పక్‌లు తయారై ఫ్లయింగ్ క్లబ్బులకు చేరాయి. సొంత విమానం కలలో కూడా లేని మధ్యతరగతి యువకుడు గంటల లెక్కన డబ్బు కట్టి లైసెన్సు సంపాదించుకున్నది ఎక్కువగా ఇటువంటి విమానాల మీదనే.

అయినా ఇవాళ రేడియో నియంత్రణతో ఎగిరే నమూనా విమానం కొనదలచినవారు సామాను అమ్మే దుకాణాల జాబితా తెరిస్తే కనిపించేది పుష్పక్ కాదు, పైపర్ కబ్. పసుపు దేహం మీద నల్లని మెరుపు గీత గల ఈ అమెరికన్ విమానపు జే-3 రూపం 1938లో మొదలై 1947 దాకా దాదాపు 20,000 సంఖ్యలో తయారైంది. యుద్ధంలో ఫిరంగి గురి చూసే పనికి పంటపొలాల్లోంచి లేచింది. యుద్ధం ముగిశాక మిగిలిన విమానాలు చౌకగా అమ్ముడుపోయి అమెరికాలో పల్లెపల్లెకూ చేరాయి. కబ్ రెక్క మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే వెడల్పు, కాబట్టి నమూనా కట్టేవాడు రెక్కలోని అడ్డపలకలన్నీ ఒకే అచ్చుతో కోసుకోవచ్చు. రెక్క ఎత్తున ఉంటుంది గనుక విమానం తనంత తానుగా నిలదొక్కుకుంటుంది. ఈ గుణాలన్నీ పుష్పక్‌లోనూ ఉన్నాయి. అందువల్ల కబ్ గెలుపును సాంకేతిక గొప్పతనం కింద లెక్కగట్టడం పొరపాటు. అమ్మకానికి వచ్చే నమూనా ఏదన్నది పెద్ద విమానం ఎన్ని దేశాల జ్ఞాపకాల్లో ఉందో, ఆ జ్ఞాపకాన్ని కొనే స్తోమత ఎవరికి ఉందో అన్న రెండు విషయాల మీద ఆధారపడింది.

నమూనా విమానాల చరిత్ర దానికదే ఒక వృత్తి చరిత్ర. 1937లో అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు రేడియో సంకేతాలతో ఎగరేసిన ‘గఫ్’ ఈ రంగపు తొలి మైలురాళ్లలో ఒకటి. అప్పట్లో విమానం కట్టడం, రేడియో కట్టడం రెండూ అభిరుచి గలవాని సొంత బాధ్యతే. ముడిసరుకు బాల్సా: దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ నుంచి ఎక్కువగా వచ్చే ఈ కలప నిర్మల బొమ్మలకు వాడే పొనికి కర్రలాగే మెత్తగా, తేలికగా ఉండి చిన్న కత్తికే లొంగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మస్కిటో అనే కర్ర యుద్ధవిమానానికి, ప్రాణరక్షణ తెప్పలకు బాల్సా తరలిపోవడంతో పిల్లల ఆటకు కరవొచ్చింది; యుద్ధం తరువాత అది మళ్లీ దొరికినప్పుడు బ్రిటన్, అమెరికాలలో కిట్ల వ్యాపారం విస్తరించింది. కిట్ అంటే అచ్చు వేసిన బాల్సా పలకలు, ఒక పటం, కొంత తీగ మాత్రమే. మిగిలింది కొన్నవాడి చేతి పని. భారతదేశంలో ఆ పని నేర్పిన బడి ఎన్‌సీసీ వైమానిక విభాగం. 1948లో ఏర్పడిన ఎన్‌సీసీకి రెండేళ్ల తరువాత ఎయిర్ వింగ్ చేరింది; కాలేజీ కుర్రాళ్లకు గ్లైడర్లతో పాటు ఏరోమోడలింగ్ కూడా పాఠ్యాంశమైంది, అందుకు ప్రత్యేకంగా ఇన్‌స్ట్రక్టర్లు ఉండేవారు. నిజమైన విమానపు గంటకు అయ్యే ఖర్చు భరించలేని సంస్థ పొందికగా ఎంచుకున్న దారి అది.

రేడియో కథలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. తొలినాళ్ల సెట్లలో ఒకే సంకేతం ఉండేది. మీట నొక్కితే చుక్కాని ఒక పక్కకు పూర్తిగా తిరిగేది, వదిలితే మధ్యకు వచ్చేది. కర్రను ఎంత కదిపితే పలక అంతే కదిలే అనుపాత నియంత్రణ 1960ల్లో స్థిరపడింది. ఆ తరువాత కూడా ఒకే మైదానంలో ఇద్దరు ఒకే పౌనఃపున్యం వాడితే విమానం నేలకూలేది కనుక, ఎవరి వంతు వచ్చిందో తెలిసేలా క్లిప్పులు తగిలించే బోర్డు ప్రతి క్లబ్బులో ఉండేది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు రావడంతో ఆ బోర్డు అవసరం తీరిపోయింది. భారత ప్రభుత్వం 2005లో ఆ పౌనఃపున్య శ్రేణిని లైసెన్సు లేని వాడకానికి తెరిచింది. అదే దశకంలో లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లు లేని మోటార్లు చౌకవడంతో పొగ, నూనె, చెవులు బద్దలయ్యే శబ్దం లేకుండా ఇంటి చుట్టుపక్కల ఎగరేయగల విమానం సాధ్యమైంది.

ఈ మలుపులన్నీ కలిసి పుట్టించిందే ‘ఆల్మోస్ట్ రెడీ టు ఫ్లై’, పొట్టిగా ఏఆర్‌ఎఫ్: దేహం, రెక్కలు, తోక కర్మాగారంలోనే కట్టి, వేడికి కుంచించుకుని బిగిసే ప్లాస్టిక్ పొర కప్పి, అతికించే పని మాత్రం మిగిల్చి అమ్మే విమానం. మొదట జపాన్, ఆ తరువాత చైనా, వియత్నాం కర్మాగారాలు ఈ పనిని చేపట్టాయి. అలా నలభై, అరవై సాయంత్రాలు ఇంటి బల్ల మీద సాగే శ్రమ దూరదేశపు కూలీ చేతికి మారింది. కొనేవాడికి మిగిలింది ఎంపిక. బాల్సా ముక్కతో తల బాదుకున్న తరం దీనిని మోసమని ఈసడించింది. ఆ ఈసడింపులో కొంత న్యాయం లేకపోలేదు. ఆ తరం నేర్చుకున్న నేర్పు ఏఆర్‌ఎఫ్ పెట్టెతో పాటు రాదు.

పెట్టె విప్పితే రెండు రెక్క భాగాలు, వాటిని కలిపే అల్యూమినియం గొట్టం, దేహం, తోక పలకలు, వాటికి కుదిరే పలుచని కీళ్ల పట్టీలు, కదిలే భాగాలను లాగే చిన్న మోటార్ల కోసం, అంటే సర్వోల కోసం కోసి ఉంచిన గుంతలు కనిపిస్తాయి. అతికేది ఎపాక్సీతో, పొర మీద పడిన ముడతలను తీసేది ఇస్త్రీ పెట్టెతో. చివరగా గరిమనాభి కుదిర్చాలి. ఆరో వంతు కొలతలో, అంటే రెక్క పొడవు సుమారు 1.8 మీటర్లు గల కబ్‌లో రెక్క వెడల్పు 27 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అందులో ముందు అంచు నుంచి ఏడు, ఎనిమిది సెంటీమీటర్ల మధ్య విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెడితే సమంగా నిలవాలి. కబ్‌కు ముక్కు పొట్టి. తోక బరువెక్కితే ముందు సీసం పెట్టాల్సి వస్తుంది, అందుకే ఎలక్ట్రిక్ నమూనాల్లో బ్యాటరీని వీలైనంత ముందుకు తోస్తారు. తోక బరువు విషయంలో పొరపాటు జరిగితే అది మొదటి ప్రయాణంలోనే తేలుతుంది, రెండో ప్రయాణం ఉండదు.

పాత తేలిక విమానాన్ని యథాతథంగా దించిన నమూనాకు ఉన్న చిక్కు దాని పెద్ద విమానానికి ఉన్నదే. మలుపు కోసం రెక్క చివరి పలకలను కదిపితే కిందికి వంగిన పలక వైపు గాలి నిరోధం పెరిగి ముక్కు వ్యతిరేక దిశకు లాగుతుంది. దీనిని ప్రతికూల యా అంటారు, మలుపుతో పాటు చుక్కానిని కూడా కలపడమే దానికి విరుగుడు. చక్రాలు ముందు, తోక వెనుక ఆనే అమరికలో నేల మీద వేగంగా పోతున్నప్పుడు తోక ముందుకు తిరిగే గ్రౌండ్‌లూప్ అనే ఇబ్బంది ఉంది. నేర్చుకునేవానికి నురుగు పదార్థంతో చేసిన, మూడు చక్రాల శిక్షణ విమానం మొదట మేలని అనుభవజ్ఞులు చెప్పడం కబ్ మీద కోపంతో కాదు.

రామగుండం పరిసరాలు ఎంపికకు మరి కొన్ని షరతులు పెడతాయి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే అప్పటి గాలి దాదాపు పది శాతం పలుచన, అంటే అదే విమానం ఎక్కువ వేగంతో లేవాలి, ఎక్కువ వేగంతో దిగాలి. బరువు తక్కువ, రెక్క వెడల్పు ఎక్కువ ఉన్న రకమే ఇక్కడ నప్పుతుంది. రేకుల గదిలో పెట్టిన పెట్టెలో పొర వదులై ముడతలు పడుతుంది. బ్యాటరీలను ఎండలో నిలిపిన బండిలో వదిలితే ఉబ్బుతాయి. ఓపెన్‌కాస్టు గనుల పక్కన పోసిన ఓబీ, అంటే బొగ్గు మీది నుంచి తవ్వి తీసిన మట్టి, గుట్టల వెనుక వైపు గాలి సుడి తిరుగుతుంది, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం నుంచి బయల్దేరిన హైటెన్షన్ తీగలు మైదానాలను అడ్డగిస్తాయి, దుమ్ము సర్వో పళ్లలో చేరుతుంది. అయితే కబ్‌కు ఆనవాయితీగా వచ్చిన లావు టైర్లు గతుకుల నేలకు సరిపోతాయి. యుద్ధంలో పొలాల్లో దిగిన విమానానికి అది సహజమే.

చట్టం కూడా ఇప్పుడు ఎంపికలో భాగం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు 25 కిలోలకు మించకుండా వినోదానికో చదువుకో పరిశోధనకో, కంటిచూపు పరిధిలోనే నడిపే యంత్రాన్ని మోడల్ విమానంగా వేరు చేసి దానికి టైప్ సర్టిఫికెట్ అవసరం లేదన్నాయి. 250 గ్రాముల నుంచి రెండు కిలోల లోపు యంత్రాన్ని వ్యాపారేతరంగా నడిపేవానికి పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు గనుక, కొన్నవాడు మొదట చూసుకోవలసింది బరువు తూకమే. ఆరో వంతు కబ్‌ల్లో చాలా వరకు ఆ రెండు కిలోల గీతకు అటూ ఇటూ ఊగుతాయి. ఎత్తుకు గీసిన 400 అడుగుల హద్దు, కీలక స్థావరాల చుట్టూ ఎరుపు రంగు వేసిన మండలాలు వేరు. 2022 ఫిబ్రవరిలో పూర్తి డ్రోన్ల దిగుమతిని నిషేధించి విడిభాగాలకు వెసులుబాటు ఇవ్వడంతో పరదేశపు పెట్టె కంటే మోటారు, సర్వో, బ్యాటరీ విడివిడిగా తెప్పించుకుని, దేశంలోనే లేజరు యంత్రంతో కోసిన బాల్సా దేహాన్ని కొనే దారికి కొంత ఊపు వచ్చింది.

ఆ దారిలో పుష్పక్ కూడా సాధ్యమే, కాని పసుపు కబ్‌కు రంగు మార్చి భారత విమానాల రిజిస్ట్రేషన్ గుర్తయిన వీటీ అక్షరాలు రాస్తే చాలదు. కబ్‌లో ఇద్దరు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు కాబట్టి దేహం సన్నం. పుష్పక్‌లో పక్కపక్కన కూర్చుంటారు కాబట్టి క్యాబిన్ వెడల్పు. కబ్ ముక్కు పక్కలకు ఇంజను సిలిండర్లు బయటికి పొడుచుకు వస్తాయి, పుష్పక్‌లో అవి మూత కింద ఉంటాయి. రెక్కను ఉంచుకుని దేహం మొత్తం కొత్తగా కట్టుకోవాలి.